అద్దం పూత

పెళ్ళి చొక్కా ఎంచుకోవడానికి ఇలారియోన్ సిన్యానికి పట్టిన సమయంలో కోకా టీ కూడా చల్లారలేదు. కారు మీద కొట్టించే క్లియర్ కోట్ ఎంచుకోవడానికి మాత్రం సగం వానాకాలం మింగేశాడు. "ఆ రోజే ఇంత జాగ్రత్త పడి ఉంటే నువ్వు ఇంకో పిల్లని చేసుకునేవాడివి, నేనూ సుఖపడేదాన్ని" అని భార్య ఫిదేలియా దినమూ అంటూనే ఉంది. ఇలారియోన్ వినలేదు. వినే తీరిక అతనికి లేదు.

కొండల మీది ఎల్ ఆల్తో ఊళ్ళో విల్యా అదేలా పేట నుంచి సేహా కూడలి దాకా షేర్ కార్లు తిరిగే లైనులో అతను ఇన్నేళ్ళూ ఎవరెవరి కార్లో నడిపాడు. ఇప్పుడు సొంత కారు వచ్చింది. ఏడు సీట్ల పాతది, కొన్ననాడు తలుపు మూస్తే అద్దం దిగేది, అద్దం ఎత్తితే తలుపు తెరుచుకునేది. ఇంజను విప్పాడు, బిగించాడు. సొట్టలు తీయించాడు. ముదురు ఎరుపు రంగు కొట్టించాడు. ఇక మిగిలింది ఆ రంగు మీద కొట్టే పారదర్శక పూత ఒక్కటే. కంటికి కనిపించని పూత. కనిపించనిదాని గురించి మాట్లాడటం సుఖం కాబట్టి లైనులో ప్రతి డ్రైవరూ దాని మీద పండితుడైపోయాడు. ఒకడు ఎండకి పొర లేవకూడదన్నాడు, ఒకడు వడగళ్ళకి తట్టుకోవాలన్నాడు, ఇంకొకడు అసలు పూతే వద్దు, నెలనెలా మైనం రుద్దుకోమన్నాడు. ఆ చివరివాడి కారు ఏ రంగుదో వాడికే గుర్తు లేదు.

లైనులోకి కొత్త కారు రావాలంటే బ్రేకులు చూస్తారనీ టైర్లు చూస్తారనీ బయటివాళ్ళు అనుకుంటారు. చూస్తారు, మనసు పుడితే. తప్పకుండా చూసేది మాత్రం చల్యా జరిగిందా లేదా అని. కార్నివాల్ మంగళవారం నాడు కారుకి పూలదండలు కట్టి, రంగు కాగితపు ముక్కలు చల్లి, నేలతల్లి పాచమామకి మొదటి గుక్క పోసి, ఆ తర్వాత చక్రాలకీ బానెట్‌కీ బీరు పోసి, మిగిలింది మనుషులు తాగాలి. అదే చల్యా. అది జరగని కారు లైనులోకొస్తే దాని బ్రేకులే కాదు, పక్క కారు బ్రేకులు కూడా పోతాయని మా వాళ్ళందరికీ తెలుసు. బాప్తిస్మంలో బిడ్డకున్నట్టే కారుకీ ఒక జ్ఞానతల్లి ఉంటుంది. ఆ బీరు పోయాల్సింది ఆవిడే.

ఇలారియోన్ కారుకి జ్ఞానతల్లి అతని అక్క నెమేసియా. తల్లి పోయినప్పుడు ఇలారియోన్ పాలు మరవని పసివాడు. నెమేసియాకి అప్పటికి జడ వేసుకోవడం కూడా సరిగ్గా రాదు. అయినా వాణ్ణి దుప్పట్లో మూటగట్టి వీపుకి కట్టుకుని, బంగాళాదుంపల్ని రాత్రి మంచుకి గడ్డకట్టించింది, కాళ్ళతో తొక్కి నీరు తీసింది, ఎండబెట్టి సంతలో అమ్మింది. ఈ రోజుకీ అమ్ముతోంది. కారు కొన్ననాడు ఇలారియోన్ ఆమె చేతులు పట్టుకుని, "మొదటి సవారీ నీదే అక్కా. ముందు సీట్లో, నా పక్కన" అన్నాడు. లైను మొత్తం చూస్తుండగా అక్కని సేహా దాకా తీసుకెళ్ళాలి. ఈ వయసులో అతనికి మిగిలిన కోరిక అదొక్కటే. అదీ, లైను కార్యదర్శి పోలికార్పో కారుకంటే తన కారు మెరవాలన్నదీ. ఈ రెండు కోరికలూ ఒక కారులో పట్టవని అతనికి తోచలేదు.

రంగులు కొట్టే క్రిస్పిన్ లారుతా షెడ్డు కప్పు మీద పాత బానెట్లు వరసగా పడుకుని ఎండకి మాడుతుంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో రకం పూత. గిరాకీ వస్తే నిచ్చెన వేసి పైకెక్కించి చూపిస్తాడు. క్రిస్పిన్ నోరు పనిచేసినంత సేపు అతని స్ప్రే గన్ కూడా పనిచేస్తే ఎల్ ఆల్తోలో తుప్పన్నదే కనిపించేది కాదు.

"ఇదిగో అన్నా, ఇది మొదటి రకం. పొద్దున కొడితే సాయంత్రానికి ఆరుతుంది. మరుసటేడు మన ఎండ దీన్ని ఉల్లిపొర లాగినట్టు లాగేస్తుంది. పోలికార్పో కారు పైకప్పు చూశావుగా? అదే ఇది."

"ఛ, అది వద్దు."

"ఇది రెండోది. గట్టిపడే మందు కలిపి కొడతాం. రెండు రోజుల్లో రాయి. బీరు పొయ్యి, వడగళ్ళు పడనీ, మీ అత్తగారిని గోళ్ళతో గీకనీ, చలించదు. కాకపోతే మెరుపు మామూలే."

"మామూలంటే?"

"తోమిన గిన్నె."

ఇలారియోన్ మొహం ముడిచాడు. సొంత కారు కొన్నది గిన్నెలా కనిపించడానికా?

అప్పుడు క్రిస్పిన్ మూడో బానెట్ మీద గుడ్డ తీశాడు. దానికొక్కదానికే గుడ్డ కప్పి ఉంచడంలోనే అతని వ్యాపారం ఉంది. ఇలారియోన్ వంగి చూశాడు. అందులో ఆకాశం కనిపించింది, దూరంగా ఇలిమానీ కొండ మంచు కనిపించింది, వాటి మధ్యలో తన మొహం కనిపించింది. ఇంట్లో అద్దంలో కనిపించే మొహం కాదది. అంతకంటే కాస్త చిన్నవాడు, కాస్త ఆస్తిపరుడు. ఇలారియోన్ టోపీ సర్దుకున్నాడు. బానెట్‌లో ఉన్నాయన కూడా సర్దుకున్నాడు.

"ఇదే" అన్నాడు.

"అద్దం పూత అన్నా ఇది. ఎండని లోపలికి రానివ్వదు. కాకపోతే మన చలికి మెల్లగా గట్టిపడుతుంది. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చి. రెండు వారాలు నీళ్ళు వద్దు, బీరు వద్దు, పూలు వద్దు, వేలు కూడా పెట్టొద్దు. ఊరికే గాలికి వదిలెయ్యాలి. ఊపిరాడాలి దానికి."

"సరే."

"సరేనంటావేంటి? కార్నివాల్ వచ్చే మంగళవారమే కదా. చల్యా ఎలా చేస్తావు?"

"పాచమామతో నేను మాట్లాడుకుంటాలే."

"ఆవిడ వాయిదాలిస్తుందని నేనెక్కడా వినలేదు. రెండోది కొట్టించుకో, మాట విను. లేదా పండగయ్యాక రా."

"పండగయ్యాక వస్తే వచ్చే ఏడు దాకా లైనులోకి రానివ్వరు. ఆ గిన్నె మాత్రం నాకొద్దు. మూడోదే కొట్టు."

క్రిస్పిన్ మంచివాడే. హెచ్చరించాడు. ఒకసారి హెచ్చరించాక ఖరీదైన డబ్బా మూత తీయడంలో తప్పేముంది? తీశాడు.

కారు ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచి ఇలారియోన్ ముంగిట్లో స్టూలేసుకుని దానికి కాపలా కూర్చున్నాడు. పావురాన్ని అదిలించాడు, పక్కింటి కుక్కని అదిలించాడు, ఒకసారి ఉతికిన బట్టలతో వస్తున్న భార్యని కూడా అదిలించాడు. వాన మబ్బు పడితే రేకుల కిందికి తోశాడు, మబ్బు విడిస్తే గాలికి బయటికి తోశాడు. ఫిదేలియా అతని తిండి గిన్నె తెచ్చి స్టూలు పక్కనే పెట్టేది.

"ఇంత కాలంలో నేను దగ్గితే ఒక్కసారి తొంగి చూశావా? దాని మీద ఈగ వాలితే లేస్తున్నావు."

"లోపల పచ్చిగా ఉందే అది."

"లోపల నేనేమన్నా ఎండిపోయి ఉన్నానా?" అని చీపురు అందుకుంది ఆమె. "ఇంతకీ మంగళవారం సంగతి మీ అక్కకి చెప్పావా? బీరు పెట్టె తెప్పించుకుంది, పూలు చెప్పుకుంది. సంతంతా చాటింది, మా తమ్ముడి కారుకి నేనే జ్ఞానతల్లినని."

"చెబుతాలే."

చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండా ఒక ఉపాయం ఆలోచించాడు. ఉపాయం తట్టినప్పుడు తన తెలివికి తనే మురిసి స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు పాపం. తోటల వాళ్ళు మొక్కలకి కప్పే నైలాను పట్టా ఉంటుంది కదా, దాన్ని కారంతటికీ కప్పేస్తే సరి. బీరు నైలాను మీద పడుతుంది, పూలు నైలాను మీద ఉంటాయి, కాగితపు ముక్కలు ఎంత రంగు వదిలినా నైలాను మీదే వదులుతాయి. అక్కకి అక్క తృప్తి, పాచమామకి పాచమామ బీరు, తనకి తన మెరుపు. ఇంత సులువైన సంగతి ఇన్ని తరాల్లో ఒక్కడికీ ఎందుకు తట్టలేదని జాలిపడ్డాడు.

మంగళవారం లైను స్టాండు దగ్గర కార్లన్నీ పెళ్ళికూతుళ్ళలా నిలబడ్డాయి. బ్యాండు వాళ్ళు అప్పటికే తాగి ఉన్నారు. పోలికార్పో కారు ఊడిన పైకప్పు మీద గులాబీ రేకులు కుప్పపోసి ఉన్నాయి, ఊడిందని ఎవరికీ కనిపించడం లేదు. ఇలారియోన్ కారు మాత్రం స్టాండుకి తెచ్చాక బానెట్ నుంచి డిక్కీ దాకా నైలానులో చుట్టి, తాళ్ళతో కట్టి ఉంది. ఎండ చురుక్కుమంటోంది.

నెమేసియా వచ్చింది. కొత్త లంగాల దొంతర మీద కుచ్చుల శాలువా కప్పుకుని, దాన్ని గుండెల మీద వెండి పిన్నుతో బిగించి, టోపీ నిటారుగా పెట్టుకుంది. చేతుల్లో తనే కట్టిన పూలదండ. ఎర్ర కాంతూతా పూలు దొరికే కాలం కాదు, ఎక్కడెక్కడ వెతికించిందో. కారు ముందు ఆగింది.

"ఒరేయ్, ఎవర్రా పోయింది?"

"ఎవరూ పోలేదక్కా. కారే అది."

"మరి శవాన్ని చుట్టినట్టు చుట్టావేంట్రా?"

"పూత కొత్తది అక్కా. బీరు పడితే పాడవుతుందట. నువ్వు ఈ పైనుంచే పొయ్యి, ఏం ఫరవాలేదు. నైలానంతే, పల్చటిది."

చుట్టూ ఉన్న డ్రైవర్లు ఒక్కసారి సీసాలు దించారు. బ్యాండులో డప్పు కొట్టేవాడు కూడా ఆపాడు. నెమేసియా నైలానుని ఒక వేలితో నొక్కి చూసింది. తమ్ముడు గబుక్కున ఆ వేలు పట్టుకున్నాడు. ఆమె అతని చేతి వంక చూసింది, తర్వాత మొహం వంక చూసింది.

"పైనుంచే పొయ్యాలా?"

"పైనుంచే."

"సరే" అంది నెమేసియా. పూలదండ నైలాను మీద కట్టింది. సీసా మూత తీసి మొదటి గుక్క నేల మీద పోసింది. తర్వాత చక్రం చక్రానికీ నైలాను మీద పోస్తూ, స్టాండంతా వినబడేలా గట్టిగా దీవించింది. "నైలాను తల్లీ! నిండు నూరేళ్ళు బతుకు. ఏ లోయలోనూ పడకు, ఏ లారీకీ ఎదురెళ్ళకు. నీ బ్రేకులు చల్లగా ఉండాలి. నీ సీట్లెప్పుడూ నిండుగా ఉండాలి. నీ యజమానికి నువ్వు చిరక్కుండా ఉండాలి!"

స్టాండు గొల్లుమంది. పోలికార్పో నవ్వలేక కడుపు పట్టుకుని, "కార్యదర్శిగా చెబుతున్నా, నైలాను లైనులో చేరింది! రేపటి నుంచి నైలాను నడవొచ్చు!" అని కేకేశాడు. టపాకాయలు పేలాయి. ఇలారియోన్ కూడా నవ్వాడు. అక్క కాస్త వేళాకోళం చేసినా పని జరిగిపోయింది కదా అనుకున్నాడు. అతనికి వేళాకోళమే వినిపించింది.

కార్లు ఒక్కొక్కటీ జ్ఞానతల్లుల్ని ఎక్కించుకుని మొదటి సవారీకి కదిలాయి. నెమేసియా లంగాలు సర్దుకుని ముందు తలుపు దగ్గరికి నడిచి నిలబడింది. ఇలారియోన్ కదల్లేదు.

"తలుపు తియ్యరా."

"అక్కా... పట్టా విప్పితే గానీ తలుపు రాదు. విప్పితే ఇక్కడంతా బీరు, కాగితాలు. అద్దాల మీద కూడా పట్టానే. పైగా నీ శాలువా పిన్ను తలుపుకి గీసుకుంటుందేమో. రెండు వారాలు ఆగితే నేనే సంతకొచ్చి నిన్ను ఎక్కించుకుంటా. ప్రమాణం."

ఆమె శాలువా పిన్ను వైపు చూసుకుంది. అది వాళ్ళమ్మ పిన్ను. అంతలో పోలికార్పో కారు పక్కన ఆగింది. అతని భార్య వెనక్కి జరిగి, "రావే నెమేసియా, మా దాంట్లో రా. మాది ఎంత గీకినా ఇంకేం ఊడదు" అని పిలిచింది. నెమేసియా ఎక్కి కూర్చుంది. టోపీ సర్దుకుని ముందుకి చూసింది. ఆ కారు గులాబీ రేకులు రాలుస్తూ సేహా వైపు వెళ్ళిపోయింది.

సాయంత్రం పట్టా విప్పకుండానే కారుని లారీ మీద ఇంటికి తెచ్చుకుని, ముంగిట్లో ఇలారియోన్ తాళ్ళు విప్పాడు. ఫిదేలియా దీపం పట్టుకుంది. నైలాను ఒక మూల నుంచి లాగితే అంటుకుపోయి చిరచిరమంటూ లేచింది. దాని కింద అద్దం లేదు. పాలు ఒలికినట్టు తెల్లగా మబ్బు కమ్మిన పూత ఉంది. నైలాను ఎక్కడెక్కడ ముడతపడిందో అక్కడక్కడ ముడత, తాడు ఎక్కడెక్కడ బిగిసిందో అక్కడక్కడ తాడు అచ్చు. అంచుల్లోంచి కారిన బీరు నీలం కాగితాల రంగుని వెంటేసుకుని బానెట్ నడిమిదాకా వచ్చింది. బానెట్ మీదికి వంగి చూసుకున్నాడు. మొహం కనిపించలేదు.

క్రిస్పిన్‌ని పిలుచుకొచ్చారు. పండగ మత్తులో ఉన్నా కారు చూడగానే దిగిపోయింది.

"ఊపిరాడాలన్నాను కదయ్యా! పచ్చిపూతని ప్లాస్టిక్‌లో మూటగట్టి ఎండలో పెడతావా? లోపలి తడి ఎటు పోవాలి? బీరు పోసి ఊరుకున్నా నాలుగు మచ్చలతో పోయేది, రుద్ది తీసేవాణ్ణి. ఇప్పుడు మొత్తం గీకాలి." గొంతు తగ్గించాడు. "ఈసారి రెండోది కొడదామా?"

ఫిదేలియా దీపం దించింది. ఇంత మంచి అవకాశం దొరికినా ఆమె ఒక్క మాట కూడా అనలేదు. ఆమె ఏమీ అనకపోయేసరికి అతనికి మొదటిసారి భయం వేసింది.

బుధవారం తెల్లారకముందే అక్క ఇంటికి వెళ్ళాడు. కారు అలాగే, తెల్ల ముడతలతోనే ఉంది. ముందు సీటు మీద ఫిదేలియా ఉతికిన దుప్పటి పరిచాడు. క్షమించమని ఎలా అడగాలో దారంతా చెప్పుకుంటూ వెళ్ళాడు. తలుపుకి తాళం ఉంది. మూటతో ఎప్పుడో బయల్దేరిందని, దారిలో ఇంకొంత సరుకు తీసుకుని సంతకి వెళ్తానందని పక్కింటావిడ చెప్పింది.

స్టాండుకొచ్చాడు. వరుసలో అతని వంతు వచ్చింది. నైలాను ఏదంటూ డ్రైవర్లు ఆట పట్టించారు. కారు చూశాక తలలు తిప్పుకున్నారు. జనం ఎక్కారు. ముందు సీటు ఖాళీగా ఉంచుదామని తలుపు పట్టుకుని నిలబడ్డాడు. రొట్టె నములుతున్న ఒకాయన అతని చెయ్యి తోసుకుని వచ్చి ఆ దుప్పటి మీద కూర్చున్నాడు. అద్దం పూత గురించి ఆ మహానుభావుడు ఏమీ అడగలేదు. ఆ రోజు ఎవరూ అడగలేదు. కారుకి రంగుందా లేదా అని కూడా ఎవరూ చూడలేదు. సేహాకి వెళ్తుందా అని మాత్రం అడిగారు.

మందుల కొట్టు మలుపులో వీపుకి మూటతో ఒకావిడ చెయ్యెత్తింది. ఇలారియోన్ ఆపాడు. నెమేసియా.

ఆమె కారుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. ముడతలు చూసింది, నీలం మరక చూసింది. ఎగతాళి చేస్తుందేమోనని అతను ఎదురుచూశాడు. చేస్తే బాగుండునని ఎంతగా కోరుకున్నాడో. ఆమె వెనక తలుపు తీసి, మూట ఒళ్ళో పెట్టుకుని, ఆ చివరి సీట్లో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది. వెనక్కి చూసే అద్దంలో ఆమె టోపీ అంచు మాత్రం కనిపిస్తోంది.

"అక్కా" అన్నాడు. రోడ్డు మీద హారన్లు మోగాయి. కారు కదిలించక తప్పలేదు.

కాసేపటికి వెనక నుంచి ఒక చెయ్యి ముందున్నావిడ భుజం తట్టింది. ఆవిడ తన పక్కనున్న కుర్రాడి చేతిలో ఏదో పెట్టింది. ఆ కుర్రాడు రొట్టె ఆయన చేతిలో పెట్టాడు. రొట్టె ఆయన అది తీసుకొచ్చి ఇలారియోన్ మొహం ముందు పట్టుకున్నాడు. ఒక నాణెం.

"వెనక ఆవిడ చార్జీ. తీసుకో" అన్నాడు నములుతూనే.

ఇలారియోన్ స్టీరింగు మీద నుంచి చెయ్యి తీయలేదు.

"తీసుకో బాబూ, నా చెయ్యి లాగుతోంది."

తీసుకున్నాడు. నాణెం ఆమె చేతి వేడికి ఇంకా వెచ్చగానే ఉంది.

సంత రాకముందే వెనక సీట్లోంచి ఆమె గొంతు వినిపించింది. అతనికి మాటలు రాకముందు నుంచీ ఆ గొంతు అతన్ని పిలిచే పిలుపు ఒక్కటే, అది 'ఒరేయ్'.

"డ్రైవరు గారూ, మూల మీద ఆపండి. దిగాలి."

ఆపాడు.